అడగని ఊరు

దీపాలు పెట్టే వేళకు మా హాస్టల్ గదిలో ఫోన్ మోగేది. నాది కాదు, నా రూమ్మేట్‌ది. వాళ్ళది మధిర దగ్గర ఊరు. వాళ్ళమ్మ పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని మరీ ఫోన్ చేసేదట. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎంతవరకొచ్చిందే నీ చదువు?"

ఆ ప్రశ్న వింటే నా రూమ్మేట్‌కు ఒళ్ళు మండేది. "నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉందమ్మా. తెల్లారేసరికి పెరగడానికి అదేమన్నా సొరకాయా?" అని కసురుకునేది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "మీ వాళ్ళు ఎంత మంచివాళ్ళే, ఒక్కసారి కూడా విసిగించరు" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ నవ్వు కింద ఎంత కుళ్ళు ఉండేదో పాపం ఆ పిల్లకు తెలియదు. నన్ను కూడా ఎవరైనా అలా రోజూ విసిగిస్తే బాగుండునని ఎన్ని సాయంత్రాలు అనుకున్నానో.

నాకూ ఇంటి నుంచి ఫోన్లు వచ్చేవి. మాది పినపాక మండలంలో అడవి అంచున ఉన్న కోయ గూడెం. మా ఇంట్లో కోయ మాటా తెలుగూ కలిసే నడుస్తాయి. అమ్మ ఫోన్ పట్టుకుంటే ఊరంతా చెప్పేది. మేక ఈనిన సంగతి, వాగులో నీళ్ళు తగ్గిన సంగతి, పక్కింటి కోడలు అలిగి పుట్టింటికి పోయి మళ్ళీ తనంతట తనే వచ్చిన సంగతి. ఇప్పపువ్వు ఈసారి ఎట్లా రాలుతోందో, కోతులు ఎవరి చేను మీద పడ్డాయో, అన్నీ. తర్వాత నాయిన అందుకునేవాడు. "తిన్నవా బిడ్డా? పానం మంచిగున్నదా?" అంతే. చదువు మాట ఎత్తేవాడు కాదు. నేనే ఎత్తబోతే, "సరే సరే, పైలం" అని ఫోన్ అమ్మ చేతిలో పెట్టేవాడు.

డిగ్రీ, పీజీ ఖమ్మంలో చదివినప్పుడు ఇది నాకు పట్టలేదు. ఏడాదికోసారి పరీక్షలు ఉండేవి, ఫలితాలు వచ్చేవి. పాసయ్యానని చెబితే నాయిన ఫోన్లోనే గట్టిగా నవ్వి, ఆ కబురు ఊరంతా చెప్పడానికి వెళ్ళిపోయేవాడు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరాకే వచ్చింది చిక్కు. నాది లెక్కలు. అందులో ఏడాదికోసారి చూపించడానికి ఏమీ ఉండదు. పాసయ్యానని చెప్పడానికి ఉండదు, ఫెయిలయ్యానని చెప్పడానికీ ఉండదు. ఏళ్ళ తరబడి ఒకే చోట కూర్చుని ఒకే దాన్ని తవ్వుకోవడమే. ఫలితం లేదు కాబట్టి చెప్పడం లేదు, అడగరు కాబట్టి అసలే లేదు.

ఒకసారి రూమ్మేట్ స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోన్ మోగింది. నేనే ఎత్తి, స్నానంలో ఉందని చెప్పాను. "నువ్వా అమ్మా. స్నానానికెళ్ళిందా? పోన్లే. నీ చదువు ఎంతవరకొచ్చింది తల్లీ?" అంది వాళ్ళమ్మ. "బాగానే ఉందండి" అన్నాను. బాగా లేదు. ఆ తర్వాత ఆ పిల్ల స్నానానికి వెళ్ళే వేళకు నేను ఏదో పని కల్పించుకుని గదిలోనే ఉండేదాన్ని. ఎవరి అమ్మ అయితేనేం, అడిగే మనిషి అని.

బాగా లేదు అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. ఎవరూ ఇంతవరకు తేల్చని ఒక లెక్కను ఎత్తుకుని, అది ఎప్పుడూ నిజమేనని నిరూపించాలి. నా పని అది. మొదటి మెట్లు చక్కగా పడ్డాయి. చివరి మెట్లు కూడా ఎలా పడతాయో తెలుసు. మధ్యలో ఒక్క మెట్టు మాత్రం కాలు పెట్టగానే కూలుతోంది. ఎన్ని రకాలుగా కట్టినా కూలుతోంది. వేసవి సెలవులకు ముందు మా గైడ్ నన్ను కూర్చోబెట్టుకుని నెమ్మదిగానే చెప్పారు. "ఇది ఇక కదలదేమోనమ్మా. సెలవుల తర్వాత వచ్చి చెప్పు. ఇంకో లెక్క ఎత్తుకుని మొదటి నుంచి మొదలుపెడతావో, ఇక్కడితో చాలించి ఉద్యోగం చూసుకుంటావో, నీ ఇష్టం."

చాలిద్దామనే సగం అనుకున్నాను. కానీ ఆ మాట గైడ్‌కు చెప్పేముందు నాయినకు చెప్పాలి. ఆయన అడగాలి, నేను చెప్పాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా "చదువు ఎట్లుంది" అని అడగని మనిషి దగ్గరికి పోయి "నా చదువు ఆగిపోయింది" అని ఎట్లా చెప్పడం? అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడగకుండానే రెండోసారి కూడా వడ్డిస్తుంది. ఆమె అడగనిదల్లా నా చదువు గురించే.

ఇంటికి వెళ్ళేసరికి చెట్ల నిండా మామిడికాయలు. అయినా ఎవరూ ముట్టుకోవడం లేదు, కొత్తల పండుగ ఇంకా కాలేదు. ఊరి పూజారి తొలికాయలు దేవర ముందు పెట్టి, గూడెమంతా కలిసి పండుగ చేసుకునేదాకా మా దగ్గర మామిడికాయ నోట పెట్టరు. చెట్టు కింద రాలిన కాయను నాయిన కాలితో కూడా తన్నడు, చేత్తో తీసి చెట్టు మొదట్లో పెడతాడు. నేనేమో హాస్టల్లో అప్పటికే మామిడికాయ పప్పు తిని వచ్చిన మనిషిని. ఆ సంగతి గుట్టుగా ఉంచాను.

వాళ్ళ చేత అడిగించుకోవాలని నేను చేయని పని లేదు. కాగితాలన్నీ పందిరి కింద పరిచి కూర్చున్నాను. అమ్మ వచ్చి చూసి, "గాలికి పోతయి, రాళ్ళు పెట్టు" అని తనే నాలుగు రాళ్ళు ఏరుకొచ్చి పెట్టింది. అన్నం ముందు కూర్చుని పెద్దగా నిట్టూర్చాను. "కూరల ఉప్పు ఎక్కువైందా?" అంది. మా చిన్నాయిన ఒకడు దారిలో ఆగి నా కాగితాలు చూసి, "ఏందమ్మా, చిన్నప్పటి సంది లెక్కలే చేస్తున్నవ్, ఇంకా..." అని మొదలుపెట్టాడు. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంతలో పక్కనున్న చిన్నమ్మ మోచేత్తో ఆయన్ని పొడిచింది. ఆయన ఒక్క క్షణం తడబడి, "ఇంకా ఎండలు బాగనే కొడుతున్నయి" అని నడిచి వెళ్ళిపోయాడు. లెక్కల నుంచి ఎండలకు అంత జల్దీగా ఎట్లా దిగాడో నాకు అర్థం కాలేదు.

అప్పటికే బీడీలు చుట్టే తునికాకు కోత మొదలైంది. తెల్లారుజామునే అడవికి పోయి ఆకు తెచ్చి, ఎండ ముదిరాక పందిళ్ళ కింద కూర్చుని కట్టలు కడతారు. నేను నా చిన్ననాటి సోపతి పక్కన కూర్చున్నాను. ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ మాది. ఒకరి దువ్వెన ఒకరం వాడుకున్నవాళ్ళం. ఇంటర్ తర్వాత తనకు మా గూడెంలోనే పెళ్ళయింది. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. తన వేళ్ళు ఆకుల మీద చకచకా తిరుగుతున్నాయి. నేను ఒక కట్ట కట్టేలోపు తను నాలుగు కట్టి పక్కన పడేస్తోంది. హైదరాబాద్‌లో బియ్యం ధర అడిగింది, మెట్రో రైలు ఎక్కితే కళ్ళు తిరుగుతాయా అని అడిగింది, నా జుట్టు ఎందుకు ఊడుతోందని అడిగింది. నా జుట్టు ఎందుకు ఊడుతోందో చెప్పాలంటే చదువు గురించి చెప్పాలి. అది మాత్రం అడగలేదు. ఇక నా వల్ల కాలేదు.

"మీకెవ్వరికీ పట్టదా?" అన్నాను.

"ఏది?"

"నా చదువు. ఎట్లున్నది, ఎందాక వచ్చింది అని ఈ ఊళ్ళె ఒక్కరన్నా అడిగిండ్రా? జుట్టు సంగతి అడుగుతవ్, బియ్యం సంగతి అడుగుతవ్. నువ్వన్నా అడగొద్దా?"

తన చేతులు ఆగిపోయాయి. అటూ ఇటూ చూసింది. "అడుగొద్దన్నరు" అంది.

"ఎవరు?"

"ఎవరేంది. మీ నాయిన."

నేను ఆకు కింద పెట్టి తన మొహం చూశాను. తను గొంతు తగ్గించి చెప్పుకుపోయింది. "నువ్వు ఆ పెద్ద చదువుకు పోయినవ్ చూడు, ఆ దినం ఇల్లిల్లు తిరిగిండు. మా బిడ్డ దూరం పోయింది, చేతికొచ్చేదాక నడుమల ఎవ్వరూ అడుగొద్దు, అడిగితే ఆగిపోద్ది అన్నడు. పూజారితోని కూడ చెప్పించిండు. నీతోని ఫోన్ల మాట్లాడినప్పుడల్లా నాలుక కొసదాక వస్తుండె. కొరుక్కుని ఊకుంటుంటి. మొన్న మీ చిన్నాయిన మరిచిపోయి అడగబోయిండట గద, ఇంటికి పోయినంక చిన్నమ్మ చేతుల పడ్డడు."

పక్క పందిరి కింద కూర్చున్న ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళకూ తెలుసు. ఊరందరికీ తెలుసు, తెలియనిదాన్ని నేనొక్కదాన్నే.

నాయిన ఈ పని ఎందుకు చేశాడో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా వైపే కాదు, ఎక్కడైనా బయలుదేరిన మనిషిని "ఎటు" అని అడగరు. మరీ తెలుసుకోవాలనిపిస్తే "దూరమా?" అని ఊరుకుంటారు. కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెడతారు, నడుమ ఎవరైనా పలకరిస్తే కొలిచేవాడు తలెత్తడు. తేనెకు పోయేవాణ్ణి, చేపలకు పోయేవాణ్ణి పలకరించనే పలకరించరు. నాయినకు ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆయన పదో తరగతి పరీక్షకు నడిచి పోతుంటే వాగు దగ్గర ఒక గొర్లకాపరి "ఎటు పోతున్నవ్ రా పొద్దుగాల?" అని అడిగాడట. ఆ రోజు పరీక్ష పోయింది. అది లెక్కల పరీక్షే. మళ్ళీ రాయలేదు. జామాయిల్ లారీలకు కర్ర ఎత్తే పనిలో చేరిపోయాడు. "చదవక పోయిందని ఎన్నడన్నా అంటడా? ఆ గొర్లాయన అడగబట్టే పోయిందంటడు" అని అమ్మ ఎన్నోసార్లు ఎగతాళి చేయగా విన్నాను. నేనూ నవ్వేదాన్ని. చదువు కూడా ఆయన లెక్కలో ఒక ప్రయాణమేనని, నేను ఇంకా దారిలోనే ఉన్నానని మాత్రం నాకు తట్టలేదు.

ఆ మధ్యాహ్నం నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. వీళ్ళు నన్ను మర్చిపోయారనుకున్నాను. వీళ్ళేమో ఇన్నేళ్ళూ నాకోసం నోరు కట్టుకుని కూర్చున్నారు. ఉపవాసం లాగా ఊరంతా పాటించింది. అక్కడ గదిలో నేను ఎవరో ఒకరు అడగాలని మొహం వాచి ఉంటే, ఇక్కడ వీళ్ళు అడగకుండా ఉండడానికి నాలుక కొరుక్కున్నారు. ప్రేమ చేసిన పనే, కాదనను. కానీ ఆ ప్రేమ నా గదిదాకా రాలేదు. నా గదిదాకా వచ్చింది "తిన్నవా" ఒక్కటే.

అసలు సంగతి ఇప్పుడు ఇంకా కష్టమైంది. ఆగిపోయిందని చెబితే నాయిన ముందు అనుకునేది ఒకటే, ఎవరో అడిగారు అని. ఎవరు అడిగారని ఇల్లిల్లూ ఆరా తీస్తాడు. నా సోపతి మీదికి వస్తుంది, లేదా పాపం ఎండల గురించి మాట్లాడిన చిన్నాయిన మీదికి వస్తుంది. ఎవరూ అడగలేదని తేలితే మరీ అన్యాయం. ఇంతమంది ఇంత నిష్ఠగా ఉన్నా ఆగిపోయిందంటే ఆ మనిషి ఏమైపోతాడు? ఈ రెండూ చూడలేక నేను మిగిలిన రోజులన్నీ తునికాకు కట్టలు కట్టుకుంటూ గడిపాను. కొత్తల పండుగ అయింది. అందరితో పాటు కాయ కొరికాను. పుల్లగా, చాలా బాగుంది. ఆ పూటంతా నాయిన మొహం చూస్తూనే ఉన్నాను. చెప్పలేకపోయాను.

హైదరాబాద్‌కు బయలుదేరిన పొద్దున నాయిన నా సంచి భుజాన వేసుకుని రోడ్డు దాకా వచ్చాడు. మణుగూరు మీదుగా కొత్తగూడెం పోయే బస్సు కోసం నిలబడ్డాం. ఆయన ఎప్పటిలాగే ఆకాశం చూసి, "ఇయ్యాల ఎండ ఎక్కువుంటది, నీళ్ళు తాగుకుంట పో" అన్నాడు. రోడ్డు మలుపులో బస్సు ఇంకా కనబడటం లేదు. ఈ మనిషిని ఇక్కడే వదిలేసి ఆ గదికి, ఆ "తిన్నవా" ఫోన్ల దగ్గరికి తిరిగి పోబుద్ధి కాలేదు.

"నాయినా, నువ్వు నన్ను ఒక్కమాట అడుగు" అన్నాను.

"ఏం మాట?"

"నా చదువు ఎట్లున్నదో అడుగు."

ఆయన ఉలిక్కిపడి రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. "అది అయినంక అడుగుతరు బిడ్డా" అన్నాడు మెల్లగా. "నడుమల అడిగితే ఆగిపోద్ది."

"ఆగిపోయింది నాయినా. ఎవ్వరూ అడగలే. అయినా ఆగిపోయింది."

సంచి భుజం మీద నుంచి దించి కింద పెట్టాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, తుడిచిన మొహాన్నే మళ్ళీ తుడుచుకున్నాడు. ఎవరు అడిగిండ్రు అంటాడని నేను భయపడుతూనే ఉన్నాను. ఆయన అది అనలేదు. నా చిన్నప్పుడు జ్వరమొస్తే నుదురు మీద చెయ్యి వేసి చూసేటప్పుడు ఉండే మొహం అది. ఆ మొహంతో నా వైపు తిరిగాడు.

"ఎక్కడ ఆగింది?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు బస్సు వచ్చింది. నా కంటే ముందు ఆయనే సంచి తీసుకుని ఎక్కాడు. పైన సంచి పెట్టి దిగిపోతాడనుకున్నాను. కిటికీ పక్కన కూర్చుని పక్క సీటు మీద చెయ్యి తట్టాడు. ఒంటిమీద ఇంట్లో వేసుకునే బనియన్, భుజాన తువ్వాల. కండక్టర్ వచ్చి ఎక్కడిదాకా అని అడిగితే, "మణుగూరు" అని తల తిప్పకుండానే చెప్పాడు.

చెప్పడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళుగా చెప్పాలని గుండెలో పెట్టుకున్నది, చెప్పబోతే దేనికీ మాట దొరకలేదు. కొంత కోయలో, కొంత తెలుగులో, మిగతాది ఇంగ్లీషులో చెప్పాను. మెట్ల గురించి చెప్పాను, కూలిపోయే మెట్టు గురించి చెప్పాను. అరచేతి మీద వేలితో గీసి చూపించాను. దాన్ని నిలబెట్టడానికి ఏమేం చేశానో, ఒకసారి నిలబడిందనుకుని ఒక్కదాన్నే గదిలో ఎట్లా గంతులు వేశానో, మర్నాడు మళ్ళీ చూస్తే ఎక్కడ తప్పు దొరికిందో చెప్పాను. గైడ్ అన్న మాటా చెప్పాను. వదిలేద్దామా అనుకుంటున్నానని కూడా చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. మణుగూరులో బస్సు చాలాసేపు ఆగింది. దిగలేదు. కండక్టర్ మళ్ళీ వస్తే "అశ్వాపురం" అన్నాడు. కిటికీ బయట జామాయిల్ తోటలు వెనక్కి పోతున్నాయి, కర్ర లారీలు ఎదురొస్తున్నాయి. ఆయన బతుకంతా ఎత్తిన కర్ర అది. ఒక్కసారి కూడా అటు చూడలేదు. నా అరచేతినే చూస్తున్నాడు.

ఈ రోడ్డు ఎక్కడా అయిపోకూడదని నాకు ఎంతో కోరికగా అనిపించింది. అశ్వాపురం వచ్చింది. కండక్టర్ రెండుసార్లు అరిచాడు. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, బస్సు కదిలింది.

"నాయినా, నువ్వు దిగాలె గద" అన్నాను.

ఆయన నా చెయ్యి వదల్లేదు. "నాకేం సమజ్ కాలే బిడ్డా" అన్నాడు. "మళ్ళ మొదటి సంది చెప్పు."